తోవ తెలిసిన సుబేదారు

ఆదివారం రాత్రి

నాయకత్వం చేతకాని సైనికాధికారుల్ని ఇంటికి పంపాలని నేను రాసిన వ్యాసాన్ని సాయంత్రం ఎల్బీనగర్ హోటల్లో యాదయ్య బావకు చదివి వినిపించాను. బావ రిటైరైన సుబేదారు. మంచులో దళాన్ని దారి తప్పించి, ఒక జవాను కాలివేళ్లు పోవడానికి కారణమైన బావ పాత కెప్టెనే నా ఉదాహరణ.

"పెన్ను దొరికితే చాలు, కాల్చేస్తవ్ బామ్మర్ది! ఆ కెప్టెన్ సామాను పనిల హుషారు. స్టోర్ల ఏస్తే అయిపోతుండె."

"మరి గా కాలివేళ్లకు జవాబు ఎవడు చెప్పాలె?" గొంతు పెంచాను.

బావ చాయ్ పక్కన పెట్టాడు. "తోవ నాకెర్కనే. ఆయన అడగలే, నేను చెప్పలే."

అధికారి ముందు కిందివాళ్లను నోరు తెరవనివ్వని పద్ధతిదే ఆ తప్పని రాయగలను. అది నిజం కూడా. కానీ లేచేటప్పుడు బావ, "గిది గూడ రాయి" అన్నాడు.

పొద్దున్నే వ్యాసం పంపాలి. తోవ బావకు తెలుసన్న ఆ ఒక్క వాక్యానికి చోటు వదిలి కూర్చున్నాను.