పూత వెయ్యని జానెడు గోడ

వెస్టర్‌హోల్మ్,
12 నవంబరు 2023, ఆదివారం.

చిరంజీవి రగ్నకి,

డోర్తె శుభం కోరి రాయునది. అక్కడ నువ్వూ మీవాళ్ళూ క్షేమమని తలుస్తాను అంటూ మొదలుపెట్టడం మర్యాద. నువ్వు క్షేమంగా లేవనీ, దానికి కారణం నేనేననీ తెలిసి కూడా ఆ మర్యాద చేస్తున్నాను.

నేనెవరో నీకు తెలుసు. ఆసుపత్రి కార్మిక సంఘం పత్రికలో ‘చచ్చినవాళ్ళకి సోకులు, బతికున్నవాళ్ళకి కోతలు’ అని నీ మీద రాసినదాన్ని. ఆసుపత్రి కమిటీకి నువ్వు పంపిన ఉత్తరం నిన్న మా అందరికీ అందింది. పోయినవాళ్ళని సాగనంపే ఆ వీడ్కోలు గదిని మీ ఇష్టం వచ్చినట్టు మార్చుకోండి, పరదాలు మళ్ళీ కట్టుకోండి, నేను అడ్డు రాను, ఈ వృత్తే మానేసి మా అన్నయ్య టైల్స్ కొట్లో కూర్చుంటాను అని రాశావు. కాలేజీ ముగిసి ఏడాది దాటింది అంతే. డిజైనర్‌గా ఇది నీ మొదటి పని. నీ గది ఉంటుందా ఊడుతుందా అన్నది గురువారం కమిటీలో తేలుతుంది. అందులో ఉద్యోగుల తరఫు ఓటు నాది. అందుకే ఈ ఉత్తరం.

ముందే చెప్తున్నాను, నేను రాసినదాంట్లో సగం వెనక్కి తీసుకోను. వార్డులు తుడిచే ఎనిమిది మందిని ఇంటికి పంపిన యాజమాన్యం అదే నెలలో శవాలుంచే గదికి డిజైనర్ని పెట్టుకుంటే ఎవరో ఒకరు అరవాలి. నేను అరిచాను. రేపూ అరుస్తాను. కానీ ఇప్పుడు ఆ యాజమాన్యమే నా వ్యాసాన్ని చేత్తో ఊపుతూ, చూశారుగా, సంఘంవాళ్ళే ఒప్పుకోవట్లేదు, కార్పెట్ మళ్ళీ పరిచేద్దాం అంటోంది. ఇన్నేళ్ళలో వాళ్ళు నా మాట విన్నది ఇదొక్కసారే. అక్కడే నాకు అనుమానం రావలసింది.

తప్పు రెండో సగంలో ఉంది. గది బోడిగా ఉంది, గోదాములా ఉంది, గోడకి పూత కూడా పూర్తి చెయ్యలేదు, తలుపు పక్కన జానెడు మేర మురికిగా వదిలేశారు, చదువుకున్న పిల్ల పనితనం ఇదీ అని రాశాను. గదిలో అడుగు పెట్టకుండా, ఊరి పేపర్లో పడిన ఫొటో చూసి రాశాను. ఇదే పని ఏ యజమానో చేసి ఉంటే వాణ్ణి నాలుగు సంచికలు వరసగా ఉతికేదాన్ని.

మంగళవారం వంటింటి సోన్యాని, మన ఆనవాయితీ ప్రకారం శవపేటిక చుట్టూ నిలబడి పాట పాడి, సాగనంపారు. ఇరవై ఏడేళ్ళు ఈ ఆసుపత్రికి బంగాళాదుంపలు ఉడికించిన మనిషి. ఇదివరకు మావాళ్ళని సాగనంపినప్పుడల్లా నేను బయట కారు దగ్గరే నిలబడేదాన్ని. ప్రార్థనలూ పాటలూ నాకు పడవని చెప్పేదాన్ని. ఈసారి లోపలికి వెళ్ళాను. సగం సోన్యా కోసం, సగం నీ మీద రెండో వ్యాసానికి సరుకు కోసం. నోటు పుస్తకం కూడా జేబులో ఉంది.

గుమ్మంలో మన విలాద్స్ నిలబడి ఉన్నాడు. పాతికేళ్ళుగా ఆ గదిని కనిపెట్టుకుని ఉన్న మనిషి కదా, నన్ను చూసి ముఖం చిట్లించాడు. ఏం డోర్తె, ఇన్నాళ్ళూ ఫొటోకి మార్కులు వేశావు, ఇవాళ గోడకి వేస్తావా అన్నాడు. నేను ఊరుకోలేదు. అంత ఖర్చుపెట్టి బోడి గోడలు చూపించడానికి ఒక డిజైనర్ కావలసి వచ్చిందా అన్నాను. దానికతను నెమ్మదిగా చెప్పాడు. ఆ పిల్ల రెండు వారాలు ఒక్క గీత గియ్యలేదమ్మా, నా పక్కన స్టూలేసుకుని వచ్చేవాళ్ళని చూస్తూ కూర్చుంది. ఓ పొద్దున నన్ను పాడమంది. నేను పాడితే పేటికలోవాళ్ళు లేచి కూర్చుంటారు తల్లీ అన్నాను. లేస్తే కాఫీ ఇద్దాం, నువ్వు పాడు అంది. పరదాలు దించి పాడించింది. కార్పెట్ ఎత్తించి పాడించింది. గోడల మీది గుడ్డ పలకలు ఒక్కొక్కటీ ఊడదీయించి మళ్ళీ పాడించింది. ఒకటే చరణం, పదకొండుసార్లు. పదకొండోసారికి నా గొంతు నాకే నచ్చింది అన్నాడు.

నేను జేబులో నోటు పుస్తకం సర్దుకున్నాను. లోపలికి వెళ్ళాను.

బయట వాన. అందరి కోట్లూ నీళ్ళు కారుతున్నాయి. నువ్వు గోడకి కొట్టించిన చెక్క కొక్కేలకి తగిలించారు. ఇదివరకు తడి కోటు చంకలో పెట్టుకుని పాడేవాళ్ళం, పాట కాగితం పట్టుకోవడానికి చెయ్యి ఉండేది కాదని ఎవరో అన్నారు. మంచి డిజైనంటే మెత్తని సోఫా అనుకునే మనుషులకి ఇది ఎవరు చెప్పాలి? నేనూ ఆ మనుషుల్లో ఒకదాన్ని.

వంటింటివాళ్ళు పధ్నాలుగు మంది, తెల్ల బూట్లతోనే వచ్చారు. సోన్యా భర్త ఓవ పేటిక తలవైపు నిలబడ్డాడు. ఆయనకి చెవులు దాదాపు పోయాయి. పెద్ద వంటమనిషి ప్రేబెన్ మొదటి పాదం ఎత్తుకున్నాడు. ఆ మనిషి నోట కేక తప్ప వేరే శబ్దం నేనెప్పుడూ వినలేదు.

రెండో పాదానికి అందరూ కలిశారు. కలవగానే, రగ్నా, వాళ్ళే ఒక్క క్షణం ఆగిపోయారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంత పాట ఎక్కణ్ణుంచి వచ్చిందా అని. పధ్నాలుగు గొంతులు సున్నపు గోడ దగ్గరికి వెళ్ళి, తిరిగొచ్చి, నలభై గొంతులై పేటిక మీద దిగాయి. గిన్నెలు తోమే అమ్మాయి సన్నటి గొంతు కూడా విడిగా వినపడుతోంది. మూడో చరణంలో ఓవ పేటిక మూత మీద అరచెయ్యి ఆనించాడు. ఆనించి, కళ్ళు పెద్దవి చేసుకుని, చెక్కలోకి వస్తోంది, పాట చెక్కలోకి వస్తోంది అన్నాడు. పక్కనున్నవాళ్ళు ఒక్కొక్కరే చేతులు ఆనించారు. నేనూ ఆనించాను. నిజంగానే చెక్క సన్నగా అదురుతోంది. పాట అయిపోయింది, గదిలో ఇంకా ఉంది. అది మెల్లగా పోయేదాకా ఎవరూ పేటిక మీంచి చెయ్యి తియ్యలేదు. అప్పుడు పేటిక ఎత్తారు. నా నోటు పుస్తకం జేబులోంచి బయటికి రాలేదు.

బయటికి వచ్చాక ప్రేబెన్ అన్నాడు, పోయినేడు మా అమ్మని ఈ గదిలోంచే సాగనంపాం, పక్కవాడి పాట నాకు వినపడలేదు, అందరూ ఏడుపొచ్చి ఆపేశారనుకుని నేనూ ఆపేశాను అని. ఇప్పుడు లెక్క తేలుతోంది, ఎవరూ ఆపలేదన్నమాట అన్నాడు.

ఆ మాట నన్ను నిద్రపోనివ్వట్లేదు. ఇన్నేళ్ళుగా ఈ ఊరి జనం ఆ గదిలో గొంతు తగ్గించుకుని, దుఃఖం గొంతు పట్టేసింది అనుకుని ఇంటికి వెళ్ళారు. పట్టేసింది దుఃఖం కాదు, పాటని మింగేసే గోడల మీది గుడ్డ. పలుకుబడి ఉన్నవాడికి ఎత్తయిన కప్పులూ, వాద్యాలూ, మోగే రాతి గోడలూ దొరుకుతాయి. గిన్నెలు తోమినవాళ్ళకీ, నేల తుడిచినవాళ్ళకీ ఈ ఆసుపత్రి గదే ఆఖరు. వాళ్ళ పాట వాళ్ళకి వినపడాలన్నది సోకా? కాదు, హక్కు. ఆ మాట ముప్పై ఏళ్ళుగా హక్కుల గురించి అరుస్తున్న నాకు తట్టలేదు. స్టూలేసుకుని కూర్చున్న నీకు తట్టింది.

అందుకని వృత్తి మానకు. గురువారం పదింటికి రా. నా ఓటు నీ గదికే. కమిటీ ఈసారి ఆఫీసులో కాదు, ఆ గదిలోనే కూర్చోవాలని పట్టుబట్టి ఒప్పించాను. ప్రేబెన్ తన బలగంతో వస్తానన్నాడు. డైరెక్టర్ చేత కూడా ఒక చరణం పాడించాకే ఓటు వేస్తాం. వచ్చే సంచికలో నా క్షమాపణ మొదటి పేజీలో ఉంటుంది, నిన్ను తిట్టినప్పుడు వాడిన అక్షరాల సైజులోనే. దాని కిందే ఆ ఎనిమిది మందిని వెనక్కి తీసుకోమని కూడా ఉంటుంది. నీ గదిని తుడవడానికి మనుషులు కావాలి కదా.

ఇట్లు,
నిన్ను తిట్టిన చేత్తోనే రాస్తున్న
డోర్తె

తా.క. ఆ జానెడు గోడ సంగతి రాయకుండా కవరు అంటించబోయాను. అంటించలేకపోయాను.

మంగళవారం నాకు మిగిలింది తలుపు పక్క కొక్కెం. కోటు తగిలిస్తూ దగ్గరగా చూశాను. మురికి కాదు, పెన్సిలు. కొన్ని కొలతలు, ఒక వంకర గీత, దాని కింద ‘నా మొదటి గది, మే 1992’. గుడ్డ పలక ఊడదీస్తే బయటపడిందనీ, రంగులవాళ్ళు సున్నం కొట్టబోతే నువ్వు అడ్డం నిలబడి, ఎవరో నాలాగే మొదలుపెట్టారు, చెరపొద్దు అన్నావనీ విలాద్స్ చెప్పాడు. ఎవరిదో ఇప్పటికీ తెలీలేదన్నాడు. నేనూ తెలీనట్టే తల ఊపాను.

ఆ రాత నాది. నీ చదువే చదివాను. ఆ పరదాలు, ఆ కార్పెట్, ఆ గుడ్డ పలకలు ఎంచింది నేను, అక్కడ ఎవరైనా పాడగా ఒక్కసారైనా వినకుండా. గది ఎంత నిశ్శబ్దంగా ఉందో చూసుకుని పొంగిపోయాను. తర్వాత, ఈ గది నాదని చెప్పకుండా, డైరెక్టర్ గదికి సోఫాలు ఎంచమంటే సిద్ధాంతం కోసం ఆ పని మానేసి ఇక్కడి లాండ్రీలో చేరానని సంఘంలో చెప్పుకున్నాను. అబద్ధం. నా గది గురించి ఎవరూ మంచిగా గానీ చెడుగా గానీ ఒక్క మాట అనలేదు, అది తట్టుకోలేక మానేశాను. నువ్వు దాన్ని పీకేస్తున్నావని విన్నరోజు నాకు వచ్చిన కోపంలో కోతల మీది కోపం సగమే.

నా పని మొత్తం ఊడదీసి, నా చేతిరాత ఒక్కటీ ఉంచావు.

గురువారం ఈ మాట అందరి ముందూ చెప్తాను. నువ్వు ముందు వినాలని రాశాను. వచ్చేటప్పుడు పెన్సిలు తెచ్చుకో. నా రాత కింద ఇంకా చోటుంది.