మాగ్నమ్ బోల్టు ఎక్కడుందంటే

మారెన్,

నేను పనికి వెళ్తున్నాను. పొయ్యి మీద బీన్సు ఉన్నాయి, తిను. రేపు ఎల్క్ దుప్పి వేటకు తన పెద్ద మాగ్నమ్ తుపాకీ తీసుకెళ్లమని మీ నాన్న అంటారు. సరేననకు. శనివారం దానితో గురి చూసినప్పుడు అది భుజానికి తన్నుతుందని జడిసి నువ్వు ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకున్నావు. నేను కంచె దగ్గర నుంచి చూశాను. నీ చిన్న తుపాకీ, ఆ 270, తీసుకెళ్లు. తూటాలు ఎర్ర డబ్బాలోవి, నూట యాభై గ్రెయిన్ల బరువువి. నీ గురి సరిచేసింది వాటితోనే. పచ్చ డబ్బాలోవి తేలికవి, చిన్న జింకలకు. డబ్బాలు కలపకు.

"ఆ బుల్లి తూటాతో ఎల్క్‌ను చంపుతుందా, చక్కిలిగింతలు పెడుతుందా?" అన్నారు మీ నాన్న. కళ్లు తెరిచి కాలిస్తే చస్తుందని చెప్పాను. గాయపడి పారిపోతే నువ్వు దాని వెంట పొదల్లోకి పోతావు. అక్కడ ఎలుగుబంటి ఉంటుంది. మూడు వందల గజాలు దాటితే కాల్చకు. మిగతా వేటగాళ్లకు నువ్వు కనపడాలి, నారింజ రంగు చొక్కా చెట్టు చాటుకు వెళ్లినా విప్పకు. ఉన్ని మేజోళ్లు రెండు జతలు పెట్టాను.

అమ్మ

మాగ్నమ్ బోల్టు లేనిదే ఆ తుపాకీ పేలదు, దాని కోసం ఇల్లంతా వెతకొద్దని నాన్నకు చెప్పు. అది నా అన్నం డబ్బాలో నాతోపాటు పనికి వస్తోంది. నాకు ఇవాళ ఆకలి లేదులే.