అమ్మ కూర్చున్న చెక్క

శనివారం, మెదక్.

సోమవారం నా పీహెచ్‌డీ సెమినార్. ప్రయోగంలో కణాలు డిష్‌కు ఎందుకు అతుక్కోలేదని గైడ్ అడిగితే ఏం చెప్పాలో పొద్దుటిదాకా తెలియలేదు.

కణం పైపొరలో ఇంటెగ్రిన్ అనే ప్రోటీన్ ముడుచుకుని ఉంటుంది. లోపలినుంచి టాలిన్ అనే ఇంకో ప్రోటీన్ తల వచ్చి దాని తోక పట్టుకుంటేనే అది నిటారుగా లేచి, బయట ఉన్నదాన్ని గట్టిగా పట్టుకుంటుంది. టాలిన్ తలలో నాలుగు డొమైన్లు, అంటే నాలుగు భాగాలు. తోక పట్టేది నాలుగోదే కదా అని నేను తెలివిగా మిగతా మూడూ తీసేశాను. కణాలు డిష్‌కు సరిగ్గా అంటుకోనే లేదు.

పొద్దున నాయిన నా సెమినార్ కోసం టేకుచెక్క కోసి టాలిన్ బొమ్మ చేస్తున్నాడు. అమ్మ ఎప్పటిలాగే చెక్క అవతలి కొసన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఫోన్ మోగితే లేచింది. చెక్క ఎగిరింది, కోత వంకరపోయింది.

"కూసో జర! నువ్వు లేస్తే నాకు రంపం ఆడదు."

"నేనేం జేస్తున్న? ఉత్తగనే కూసున్న."

"గా కూసునుడే పని!"

చాయ్ గ్లాసుతో అలాగే నిలబడిపోయాను. నేను తీసేసిన ఆ మూడు డొమైన్లూ పైపొరకు ఆనుకుని తలను కదలకుండా ఉంచితేనే నాలుగోదానికి తోక సరిగ్గా అందుతుంది. పేపర్లలో చదివిందే, బుర్రకెక్కలేదు. మూడూ పెట్టి మళ్లీ చేయాలి.

నాయిన వంకర ముక్కనే నున్నగా చిత్రిక పట్టి ఇచ్చాడు. బల్ల మీద ఉంది.

స్కాలర్‌షిప్ ఫారంలో 'తల్లి చేసే పని' అన్నచోట 'ఏమీ లేదు' అని రాసింది నేనే.