ఊరగాయ జాడీలో లెట్యూస్

ఏమండీ, పొద్దుటి బస్సుకు జమ్మలమడుగు అక్క దగ్గరికి పోతున్నాను. అన్నం, చారు పొయ్యి పక్కన ఉన్నాయి. వసారాలో ఎరువు నీళ్లలో పెంచుతున్న లెట్యూస్ ఆకుకూర జాడీ ముట్టుకోవద్దు. అందులో ఎరువు నీళ్లు తగ్గినాయని జాలిపడి నిండా పోయొద్దు. పైన కాస్త గాలి ఉంటేనే వేర్లు బతుకుతాయి. మొదటి మొక్కను కుళ్లబెట్టింది మీ చెంబు, నా పద్ధతి కాదు.

"మట్టి లేకుండా యాడన్నా మొక్క బతుకుతాదా? బతికినా మేకలు తినే ఆకే గదా!" అని మీరు వీధంతా వినేట్టు నవ్వినారు. నవ్వుకోండి. రేపొచ్చి ఇంకో రెండు జాడీలు పెడతాను. ఊరగాయ ఎందులో పెట్టుకుంటారో మీ ఇష్టం.

శాంత

మరిచాను. మొక్కకు రెండాకులు తక్కువున్నాయి, జాడీ పక్కన ఉప్పు రాలింది. మేకలు ఉప్పు అద్దుకుని తినవండీ.