డార్దో మియెరెస్ చిప్‌లు మంచివే

మాంటెవిడియో నగరం, కొర్దోన్ పేటలో కాపురం ఉంటున్న విల్మార్ ఎచెవెర్రి అనే నేను, వయసు డెబ్బై ఎనిమిది, వృత్తి పత్రికా విలేకరి, ప్రస్తుతం విశ్రాంతి, ఎవరి బలవంతమూ లేకుండా స్థిరబుద్ధితో రాయిస్తున్న వీలునామా ఇది. బుద్ధి స్థిరంగా ఉందనడానికి ఆధారం: ఈ ఉదయం డాక్టరమ్మ నన్ను తేదీ, వారం, ఇంటి నంబరు అడిగారు. మూడూ సరిగ్గా చెప్పాను. నా మూత్రపిండాలు ఇంకెన్నాళ్లు పనిచేస్తాయని నేను అడిగితే ఆవిడే చెప్పలేకపోయారు. ఇంతకుముందు వీలునామా ఏదీ రాయలేదు.

1. నేను ఉంటున్న ఫ్లాటు, అందులోని సామాను నా మేనకోడలు నిబియాకు చెందాలి. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా ఆమెదే. వంటగది కుళాయి ఎడమకు తిప్పితేనే కట్టవుతుంది. ప్లంబరును పిలవవద్దు, ఇప్పటికి నలుగురు వచ్చి చూశారు.

2. పై అంతస్తు ఎల్బియో 1994లో నా నిచ్చెన అరువు తీసుకున్నాడు. అడిగినప్పుడల్లా రేపు తెస్తానన్నాడు. ఆ నిచ్చెన ఇకనుంచి చట్టప్రకారం అతనిదే. ఎల్బియో ఈ రోజు సాక్షి సంతకం పెడతానని కోటు వేసుకుని వచ్చాడు. వీలునామాలో ఏదైనా పుచ్చుకునే మనిషి సాక్షిగా ఉండకూడదని, ఉంటే ఆ మనిషికి రాసింది చెల్లదని నోటరీ గారు చెప్పారు. నిచ్చెనో సంతకమో తేల్చుకోమన్నాను. "ముప్పై ఏళ్లు వాడిన నిచ్చెనయ్యా, ఇప్పుడెలా వదులుకుంటా," అని వెళ్లి కిటికీ దగ్గర కూర్చున్నాడు.

3. సోల్డరింగ్ సామాను మా పేటలోని సాంకేతిక పాఠశాలకు ఇవ్వాలి. కొలత మీటరు మాత్రం ఇవ్వకూడదు. అది అయిదో అంశంలో వస్తుంది.

4. ఈ అంశంలో ఆస్తి ఏమీ లేదు, జరిగిన సంగతులు ఉన్నాయి. ఇవి వీలునామాలో అక్కర్లేదని నోటరీ గారు అన్నారు. "మీరు పత్రికకు రాయడం లేదండీ," అన్నారు. పత్రిక లేదు కాబట్టే ఇక్కడ రాస్తున్నానని చెప్పాను.

2011లో ఉద్యోగ విరమణ చేసినప్పుడు పాడైన పాత కంప్యూటరు ఒకటి కొన్నాను. 1982లో తయారైనది, రబ్బరు మీటలది, టీవీకి తగిలించుకునేది. ఆన్ చేస్తే తెర మీద అక్షరాలకు బదులు రంగు గళ్లు వచ్చేవి. మెమరీ పోయిందన్నమాట. ఆ మెమరీ ఎనిమిది చిప్‌ల వరస. ప్రతి అక్షరాన్నీ ఎనిమిది ముక్కలు చేసి ఒక్కో చిప్ ఒక్కో ముక్క దాస్తుంది. ఒకటి పోతే మొత్తం చెత్త అవుతుంది.

ఏది పోయిందో కనిపెట్టడం నాకు నేర్పింది డార్దో మియెరెస్. త్రిస్తాన్ నర్వాహా వీధి ఆదివారం సంతలో ఆయనకు పాత విడిభాగాల కొట్టు ఉండేది. ఒక పద్ధతి, వేలు ఆనించి చూడటం: పోయిన చిప్ చుర్రుమంటుంది. రెండోది, అనుమానం ఉన్న చిప్ నెత్తిన మంచి చిప్‌ను కాళ్లకు కాళ్లు ఆనేలా కూర్చోబెట్టడం: తెర కుదుటపడితే కిందిది పోయినట్టు. ఎక్కువసార్లు ఈ రెండూ చాలు.

డార్దో దగ్గర ఎనిమిది చిప్‌లు కొన్నాను. యంత్రం పలికింది. ఇరవై నిమిషాలకు మళ్లీ గళ్లు. ఇంకో ఎనిమిది కొన్నాను, అదే వరస. మూడో ఎనిమిదీ అంతే. ఈ రకం చిప్‌కు మూడు వోల్టేజీలు అందాలి: ప్లస్ పన్నెండు, ప్లస్ అయిదు, మైనస్ అయిదు. మైనస్ అయిదు అందకుండా ప్లస్ పన్నెండు అందితే చిప్ లోపల్లోపలే కాలిపోతుంది. నేను మీటరుతో కొలిచాను. మూడూ ఉన్నాయి. కాబట్టి సరుకే నాసిరకమని తేల్చుకుని డార్దోను నిలదీశాను.

ఆయన నవ్వాడు. "నా సరుకు నీ పెట్టెలోకి బతికే వెళ్తోందయ్యా విలేకరీ. లోపలికెళ్లాక చస్తోంది. ఆ పెట్టె ఇక్కడికి పట్టుకురా. అరగంట వేడెక్కనిచ్చి ఇద్దరం కలిసి కొలుద్దాం." నాలుగో ఎనిమిది పొట్లం కట్టి ఊరికే ఇచ్చాడు. పెట్టె చూపించకుండా వీటిని తగిలిస్తే పాపం నీదే అన్నాడు.

మరుసటి ఆదివారం వాన. ఆ పై ఆదివారం నాకు ఒళ్లు బద్ధకించింది. 2012 ఆగస్టు 5న మా పత్రిక ఆదివారం సంచికలో, విశ్రాంతి తర్వాత కూడా నేను రాస్తూ వచ్చిన శీర్షికలో, "సంతలో చచ్చిన సరుకు" అని రాశాను. డార్దో పేరు, కొట్టు నంబరు, నా కొలతలు వేశాను. ఆయన చెప్పిన మాట నా నలభై ఒకటో నోటు పుస్తకం పదిహేడో పేజీలో ఉంది. పత్రికలో లేదు. నలభై ఏళ్లు కుర్ర విలేకరులకు నేను చెప్పిన మొదటి పాఠం, అవతలివాడి మాట వేయకుండా కథనం వేయకూడదని.

మరుసటి ఏప్రిల్‌కు కొట్టు లేదు. కొనేవాళ్లు రాక ఎత్తేశాడని పక్క కొట్టువాళ్లు చెప్పారు. 2017లో డార్దో చనిపోయాడు. ఆ సంగతి నాకు పత్రిక మరణ ప్రకటనల్లో తెలిసింది.

2021 మార్చిలో ఒక మధ్యాహ్నం చిప్‌లు తీసేసిన ఖాళీ పెట్టెకు మీటరు తగిలించి, ఆన్ చేసి, మాతే ఆకుల టీ కోసం నీళ్లు కాచుకోవడానికి వెళ్లాను. కెటిల్ పాడై స్టవ్ మీద కాచాల్సి వచ్చింది. తిరిగొచ్చేసరికి ఇరవై రెండు నిమిషాలైంది. మైనస్ అయిదు ఉండాల్సిన చోట సున్నా ఉంది. ఒక కాయిల్ తీగ కొస దగ్గర సోల్డరులో వెంట్రుకంత పగులు. చల్లగా ఉంటే అతుక్కుంటుంది, వేడెక్కితే విడిపోతుంది. నా కొలత అబద్ధం కాదు. ఒక్కసారే కొలిచాను, చల్లగా ఉన్నప్పుడు.

పగులు అతికి, తొమ్మిదేళ్లుగా విప్పని నాలుగో పొట్లం విప్పాను. ఎనిమిదీ పనిచేశాయి. నేటికీ పనిచేస్తున్నాయి. నేను కాల్చిన ఇరవై నాలుగూ మంచివే అయి ఉండాలి.

5. ఆ కంప్యూటరు, అందులోని ఎనిమిది చిప్‌లు, కాలిన ఇరవై నాలుగు, మీటరు, నలభై ఒకటో నోటు పుస్తకం డార్దో కూతురు జుల్మా మియెరెస్‌కు చెందాలి. యంత్రాన్ని ఎవరు ఆన్ చేసినా అరగంట దాకా మైనస్ అయిదు మీద కన్నేసి ఉంచాలి. నా అతుకును నమ్మవద్దు.

6. సవరణ వేయించడానికి నేను చేసినవి: మా పత్రిక 2019లో మూతపడింది. పాత సంచికలు కొని ఇంటర్నెట్‌లో పెట్టిన కంపెనీకి మూడు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. ఇంకో పత్రిక సంపాదకుడు, ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్నవాడే, "చనిపోయినాయన, చచ్చిన చిప్‌లు, మూతపడ్డ పత్రిక. ఇందులో వార్తేముంది గురువుగారూ?" అన్నాడు. అతని స్థానంలో ఉంటే నేనూ అదే అనేవాణ్ని. డార్దో కొట్టు ఉన్న చోట చెబుదామని మూడు ఆదివారాలు సంతకు వెళ్లాను. అక్కడిప్పుడు ఒక అమ్మాయి ఫోన్ కవర్లు అమ్ముతోంది. ఆ అమ్మాయికి ఏం చెప్పాలో తెలియక ప్రతిసారీ ఒక కవరు కొనుక్కుని వచ్చాను. ఆ మూడు కవర్లు నిబియా తీసుకోవచ్చు.

డార్దో మియెరెస్ అని ఈ రోజు ఎవరు వెతికినా మొదట వచ్చేది నా రాతే. దాన్ని తీసే దారి నాకు దొరకలేదు. ఈ వీలునామా ఎక్కే నోటరీ పుస్తకం మూతపడదని, తన తర్వాత ఇంకొకరికి, ఆ తర్వాత ప్రభుత్వ భాండాగారానికి వెళ్తుందని నోటరీ గారు చెప్పారు. అందుకే నాలుగో అంశం ఇక్కడ ఉంది. దీన్ని ఎవరూ వెతకరని నాకు తెలుసు.

7. ఇది ఇప్పుడే, చివరగా చేర్చింది. అయిదో అంశం విషయం చెప్పడానికి జుల్మా గారిని పిలిపించాను. వచ్చారు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. మొదటి నుంచీ చదివారు, నాలుగో అంశం రెండుసార్లు. పదిహేడో పేజీ చూపించమన్నారు, చూశారు. బడిలో ఇచ్చిన పని కోసం వాళ్లబ్బాయి తాతగారి పేరు ఇంటర్నెట్‌లో కొట్టాడట. ఏం వచ్చి ఉంటుందో ఆరో అంశంలో ఉంది.

సాక్షులు ముగ్గురు కావాలి, ఎల్బియో తప్పుకోవడంతో ఇద్దరే ఉన్నారు. మూడో సంతకం తాను పెడతానని జుల్మా గారు అన్నారు. అలా అయితే అయిదో అంశం చెల్లదని నోటరీ గారు హెచ్చరించారు.

"తెలుసండీ, నిచ్చెనాయన గురించి ఇందాకే చదివాను. మా నాన్న ఆ మాట అన్నాడని ఈయన రాశాడు, దానికి సాక్షిగా ఉంటాను. ఈయన చేత్తో ఇచ్చింది మాత్రం పుచ్చుకోను."

నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. అయిదో అంశం చెల్లదు. కొట్టివేయకుండా అలాగే ఉంచమని నోటరీ గారిని కోరాను. యంత్రం మిగతా సామానుతో పాటు నిబియాకు వెళ్తుంది. చిప్‌లు ఎవరివని అడిగినవారికి ఆమె డార్దో పేరు చెప్పాలి.

పైదంతా నాకు చదివి వినిపించారు, సరిగానే ఉంది. 2024 జూన్ 13, గురువారం, మాంటెవిడియో.

(సంతకం) విల్మార్ ఎచెవెర్రి

సాక్షులు:
ఒ. బెన్తాంకోర్, మందుల దుకాణం
నెలీదా ఫ్రోస్, కింది అంతస్తు
జుల్మా మియెరెస్, డార్దో మియెరెస్ కూతురు