నిమిషానికింత చొప్పున మాటలు

అక్కకు తమ్ముడి నమస్కారాలు.

ఇక్కడ నేనూ నీ మరదలూ కులాసా. నువ్వూ బావా కూడా అలాగే ఉన్నారని నమ్ముతూ మొదలుపెడుతున్నాను. అక్షరాలు వంకర పోతే నా ఎడమచేతిని తిట్టుకో, కుడిచేయి ఇంకా సెలవులోనే ఉంది. నువ్వు కుట్టి పంపిన చొక్కా సరిగ్గా సరిపోయింది. నాకు గుండీలు పెట్టలేక నీ మరదలే విసుక్కుంటోంది.

"మాటలు నేర్పే టీచరుకి నిమిషానికింత అని క్రిప్టోలో ఎలా కడుతున్నావురా?" అని అడిగావు. పక్షవాతం వచ్చాక ఒకరోజు పది నిమిషాలు పలుకుతాను, ఒకరోజు రెండు నిమిషాలకే నాలుక మొరాయిస్తుంది. ఏ నిమిషానికా నిమిషం బ్లాక్‌చెయిన్‌లో, అంటే క్రిప్టో లెక్కలన్నీ రాసే ఉమ్మడి ఖాతాపుస్తకంలో, పంపితే డబ్బు ఫీజులకే సరి. అందుకని నువ్విచ్చిన సొమ్మంతా ఒక్కసారే అందులో కట్టి ఉంచాం. ఆ తరవాత ఎవరి వాటా ఎంతో మా రెండు ఫోన్లే తేల్చుకుంటాయి. నిమిషం గడిస్తే ఇద్దరి సంతకంతో కొత్త లెక్క, పాతది చెల్లదు. ముగించేనాడు చివరి లెక్క ఒక్కటే బ్లాక్‌చెయిన్‌కెక్కుతుంది. చెల్లని లెక్క ఎక్కిస్తే మాత్రం దొంగతనమే. అవతలివాళ్ళు మూడు రోజుల్లోగా మొత్తం లాగేసుకోవచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. దీన్ని చెప్పలేకే ఇంతసేపూ చొక్కా కబుర్లు రాశాను.

పోయిన నెల నా ఫోన్ బకెట్లో పడింది. కొత్త ఫోన్లోకి మూడు నెలల కిందట దాచిన లెక్క కాపీ ఎక్కించాను. తెరిస్తే సొమ్ము దాదాపు అంతా నా వైపే ఉంది. పాతదని తెలుసు అక్కా. కుట్టుపనితో నీ కళ్ళు పోతున్నాయని బావ రాసిన దగ్గర్నుంచీ నాకు మనసు మనసులో లేదు. నీ డబ్బు నీకు పంపేద్దామని "ముగించు" నొక్కేశాను. గంట తిరక్కుండానే చేసిందేమిటో తెలిసొచ్చింది. మూడు నెలలు టీచరమ్మ చేత చాకిరీ చేయించుకుని ఎగ్గొట్టినట్టే కదా! పైగా ఆవిడ తలుచుకుంటే నీ కష్టార్జితమంతా పోతుంది.

ఆవిడే ఫోన్ చేసింది. "మొత్తం తీసుకుంటారా అని నా ఫోన్ అడుగుతోందండీ. ఏం జరిగిందో మీరు చెప్పేదాకా నేనేమీ నొక్కను," అంది. నీ మరదలు ఫోన్ అందుకోబోయింది.

"ఆయన్నే చెప్పనివ్వండమ్మా," అందావిడ.

నోరు తిరగలేదు. ఆవిడ లైన్లోనే ఉంది. నేను ఆగినచోటల్లా "ఊఁ" అందే తప్ప మాట అందించలేదు. చివరికి, "పాతదని... తెలిసే... నొక్కాను. తప్పు... నాదే," అన్నాను. జబ్బు చేశాక నేను సొంతంగా చెప్పిన మొదటి పూర్తి మాట అదే.



"'తెలిసే' బాగా పలికారు," అంది టీచరమ్మ.

"వద్దు" అని నొక్కింది. మూడు రోజులయ్యాక సొమ్ము నా చేతికొచ్చింది. ఆవిడ వాటా ఆవిడకి వెంటనే పంపేశాను. మిగిలింది, నిన్నడక్కుండానే, మళ్ళీ ఆవిడతోనే కట్టి ఉంచాను. కోప్పడకు. ఆవిడ మేలు మరచిపోలేను, నీ మేలు అసలే మరచిపోలేను.

ఆదివారం పొద్దున నీకు ఫోన్ చేస్తాను. ఎత్తి ఊరుకో. నేను నాన్చుతుంటే జాలిపడి నువ్వు మాట అందుకోకు. "అక్కా" అనడానికి నాకు ఎంతసేపు పడితే అంతసేపు ఆగు.

ఇట్లు,
నీ తమ్ముడు