తల్లిని చూపించిన ఇల్లు

చిరంజీవి నాన్నకు,

అమ్మ దీవించి రాయించేది ఏమంటే, ఇక్కడ మేమందరం కులాసా, నువ్వు ఆ ఓడ మీద కులాసాగా ఉన్నావని తలుస్తాను. ఈ ముక్క దగ్గరే నీ భార్య కలం ఆపి నా మొహం చూసింది. "రాయవే, ఉత్తరమన్నాక ముందు కులాసా, తర్వాతే సంగతి" అన్నాను. రాసింది. మెత్తని మనిషి, నా మాటల్ని కూడా మెత్తబరిచి రాస్తుందని నా అనుమానం. అందుకే రాసిందల్లా పైకి చదివించుకుంటున్నాను. ఫోను చేయొచ్చుగా అంటావేమో. ఫోనులో అయితే నువ్వు అడ్డం వస్తావు, నువ్వు ఆగితే సముద్రం అడ్డం వస్తుంది. కాగితానికి ఎవరూ అడ్డం రాలేరు. చివరిదాకా వినాల్సిందే.

నా మోకాళ్ళ గురించి అడిగావు. ఉన్నచోటే ఉన్నాయి, పనే మానేశాయి. వంటింటి కుళాయి కారడం ఆగిందా అన్నావు. ఆగలేదు. కింద గిన్నె పెట్టాం, టప్ టప్ అని అదొక తోడు.

ఇక మూడోది. "కుక్కపిల్లల వ్యాపారితో మాట్లాడాను, జబ్బుదని తేలింది కదా, బొంగరాన్ని వెనక్కిచ్చేసి ఇంకోదాన్ని తెచ్చుకోండి, పాప హాస్టలు నుంచి వచ్చేలోపు ఆ పని అయిపోవాలి" అని రాశావు. నీ భార్య చదివి వినిపిస్తే మళ్ళీ చదవమన్నాను. చెప్పుల జత గురించి రాశావేమో అనుకున్నాను. నా మోకాళ్ళూ అరిగిపోయాయి కదా నాయనా, నన్నూ ఎక్కడైనా మార్చి ఇస్తారేమో కనుక్కో. ఈ వాక్యం వద్దు అత్తయ్యా అంటోంది నీ భార్య. ఉండాల్సిందే అన్నాను.

తప్పు నీ ఒక్కడిదే అనను. నువ్వు ఫోటో చూసి ముచ్చటపడ్డావు. "అమ్మా, నువ్వెళ్ళి చూసి తీసుకురా, నీ కన్ను మోసపోదు" అన్నావు. నేనూ పొంగిపోయాను. నడుం వంగేదాకా కాన్పుల వార్డులో ఆయాగా చేసినదాన్ని, ఎందరు తల్లుల్ని చూడలేదు, ఎందరు పసిగుడ్లని ఎత్తలేదు! తల్లిని చూసి పిల్లను తెచ్చుకోమని పెద్దల మాట. ఆ ఇంట్లో అడుగు పెట్టగానే అదే అడిగాను. "పిల్ల సంగతి తర్వాత. తల్లిని చూపించు బాబూ."

"మీలాంటి తెలిసినవాళ్ళు రావాలమ్మా" అన్నాడు వాడు. ఆ మాటకే సగం పడిపోయాను.

ముందుగది అద్దంలా ఉంది. గది నిండా ఫినాయిలు వాసన. పెద్ద డాక్టర్లు తనిఖీకొచ్చే రోజు మా వార్డు కూడా అచ్చం అలాగే వాసన కొట్టేది. అప్పుడైనా నా బుర్ర వెలగలేదు. తివాచీ మీద మెడకు ఎర్ర పట్టీ కట్టుకుని ఒక కుక్క దర్జాగా కూర్చుంది. "ఇదేనండీ తల్లి" అన్నాడు. పిల్లను కింద వదిలితే తడబడుతూ వెళ్ళి దాని పొట్ట కింద మూతి పెట్టింది. ఆ కుక్క విసురుగా లేచి, అవతలకు పోయి గోడవైపు తిరిగి పడుకుంది. "పాలు మాన్పించాం కదండీ, అందుకని" అన్నాడు.

మా వార్డులో ఒక లెక్క ఉండేది. బాలింత ఎంత నీరసంగా ఉన్నా బిడ్డవైపు తిరిగి పడుకుందంటే ఇక భయం లేదనేవాళ్ళం. గోడవైపు తిరిగిందంటే ఆ మంచం దగ్గరే కాపలా కూర్చునేదాన్ని. అలాంటిదాన్ని, నా కళ్ళెదురుగా ఆ కుక్క గోడవైపు తిరిగితే, "బొచ్చు ఎంత నిగనిగలాడుతోందో" అనుకున్నాను. పిల్లను సంచిలో వేసుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చాక అది తిన్నంతసేపు తిని పడుకునేది. బుద్ధిమంతురాలు అన్నాను. పొట్ట డోలులా ఉంటే, కడుపు నిండింది అన్నాను. పడుకునే ముందు గిరగిరా రెండు చుట్లు తిరుగుతుందని పాప ఫోనులో చూసి బొంగరం అని పేరు పెట్టింది. ఆ రెండు చుట్లకే రొప్పుతోందని పట్టించుకున్నది నీ భార్య, నేను కాదు. పశువుల డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్ళాం. పొట్టలో ఉన్నది తిండి కాదు, పురుగులు అంది. మందిచ్చింది. తర్వాత గుండె మీద గొట్టం పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి వింది.

"పుట్టుకతో వచ్చిన లోపమమ్మా. ఎన్నాళ్ళుంటుందో చెప్పలేను. తల్లి దగ్గర ఉండాల్సినన్నాళ్ళు ఉంచలేదు కూడా. కొనేముందు తల్లిని చూశారా?"

"చూడకుండా తెస్తానా?" అన్నాను పొగరుగా.

"పొట్ట కింద చూశారా?"

అప్పుడు గుర్తు తెచ్చుకున్నాను నాన్నా. పాలు చేపిన రొమ్ములేవి, సాగిన చర్మమేది! కన్యలా ఉంది ఆ కుక్క. ఇలాంటి చోట్ల ముందుగదిలో ఒకదాన్ని ముస్తాబు చేసి కూర్చోబెడతారట, అసలు తల్లి వెనకెక్కడో ఉంటుందట. ఎదకొచ్చిన ప్రతిసారీ కట్టిస్తారట, అన్నా చెల్లెలూ అని కూడా చూడరట. టీకాలన్నీ వేయించామన్నాడే అంటే, "ఎవరు వేశారో చెప్పాడా?" అంది డాక్టరమ్మ. అడిగితేగా చెప్పడానికి.

ఇప్పుడు అసలు సంగతి. ఇంతసేపూ నిన్ను దెప్పాను గానీ, నువ్వు చెప్పిన పని చేయడానికే నేను బయల్దేరాను. బొంగరాన్ని ఇచ్చేయడానికే. పాప వచ్చి దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాక అది ఆ ఒళ్ళోనే పోతే? అది చూసే ఓపిక నాకు లేదనుకున్నాను. నీ భార్య గుమ్మానికి అడ్డం నిలబడి "వద్దత్తయ్యా" అంది. ఈ ఇంటికొచ్చాక నాకు ఎదురు చెప్పడం అదే మొదలు. తోసుకుని వెళ్ళాను. ఇది రాయకుండా దాటేయబోయింది, రాయించాను.

అక్కడ అదే తివాచీ, అదే ఎర్ర పట్టీ. ఎవరో ఆలుమగలు వచ్చారు. "ఇదేనండీ తల్లి" అంటున్నాడు వాడు. ఎదురుగా ఉన్న పిల్లలేమో బొచ్చే లేని జాతి! "ఏం బాబూ, ఊళ్ళో కుక్కలన్నిటికీ ఇదొక్కతే తల్లా?" అన్నాను. వాడు గబగబా వచ్చి నన్ను పక్కకు లాగి, కొత్త పిల్లను చేతిలో పెట్టి, సంచి అందుకోబోయాడు.

"దీన్నేం చేస్తావు?"

"అది మేం చూసుకుంటాం లెండి."

వార్డులో ఆ మాట ఎవరన్నా నేను బిడ్డను చేతికిచ్చేదాన్ని కాదు. సంచి బిగించి పట్టుకున్నాను. లోపల బొంగరం కుయ్యిమంది. పెరట్లో అడ్డం పెట్టిన రేకుల వెనక నుంచి ఇంకేదో కుయ్యిమంది. కొత్త పిల్లను వాడికే ఇచ్చేసి నేను ఆ రేకుల వెనక్కి నడిచాను. నిలబడటానికి ఎత్తులేని బోనులో, తడి గోనె మీద, పుసులు కట్టిన కళ్ళతో ఒక తల్లి. రొమ్ములు నేలకు రాసుకుని పుండ్లు పడ్డాయి. ఎడమ చెవి సగానికి మడత, అచ్చం బొంగరం చెవిలాగే.

బోను ముందు చతికిలబడ్డాను. "నేను కూర్చుంటే లేవలేను, నీ ఇష్టం" అని చెప్పాను. వాడు అరిచాడు, బతిమాలాడు. నా వెనకే వచ్చిన ఆలుమగలు ముక్కులు మూసుకుని చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయారు. చివరికి వాడే, "దానికి వయసైపోయింది, ఇక ఈనదు. తీసుకుపో ముసలమ్మా, నా గుమ్మం వదులు" అన్నాడు.

"వయసైపోయినవాళ్ళం ఒకే బండిలో పోతాం గానీ, తలుపు తియ్యి" అన్నాను.

డాక్టరమ్మ ఫిర్యాదు రాసి పైకి పంపింది. నేను చూసింది చూసినట్టు చెప్పి వేలిముద్ర వేశాను. ఏమవుతుందో తెలియదు. నువ్వు మాత్రం ఆ మనిషికి ఇక ఫోను చేయకు. ఇంకో పిల్ల మాట ఎత్తకు. నువ్వు కొన్న ప్రతి పిల్లకూ వెనకాల ఒక బోను ఉంటుంది. పాపకు ఏం చెప్పాలో నేను చెప్తాను. అబద్ధం చెప్పను. తెలిసే ఎత్తుకుంటుంది.

చాలా అలసటగా ఉంది నాన్నా. ఇంట్లో ముగ్గురు ముసలివాళ్ళం అయిపోయాం, నేనూ, ఆ తల్లి కుక్కా, కుళాయీ. మొదట్లో అది పిల్లను దగ్గరకు రానివ్వలేదు, పళ్ళు చూపించింది. ఎందర్ని లాక్కున్నారో, ఇది ఎవరో దానికేం గుర్తు? పొద్దున నా మంచం కింద చప్పుడు లేకపోతే వంగలేక వంగి చూశాను. పాలు లేవు, ఓపికా లేదు. అయినా పిల్లవైపు తిరిగి పడుకుంది.

తల్లిని చూసి పిల్లను తెచ్చుకోమన్నారు పెద్దలు. అది నాకు చేతకాలేదు. పిల్లను చూసి తల్లిని తెచ్చుకున్నాను.

ఇట్లు,
నీవైపు తిరిగి పడుకున్న
మీ అమ్మ వేలిముద్ర